వదినా మరుదుల క్రిస్మస్ చెట్టు

నవంబరు నెలలో రాజమండ్రి దాటి కడియం, కడియపులంక మీదుగా వెళ్తే నర్సరీల ముందు అరకేరియా మొక్కలు బారులు తీరి కనిపిస్తాయి. నిటారు కాండం, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు, ముట్టుకుంటే గుచ్చుకోని మెత్తటి సూదులు. నర్సరీవాళ్ళు వాటిని ‘క్రిస్మస్ చెట్టు’ అనే అమ్ముతారు. అక్కణ్ణుంచి అవి విజయవాడ, గుంటూరు, హైదరాబాదు ఇళ్ళకు చేరి నక్షత్రాలూ బల్బులూ తగిలించుకుంటాయి. ఫిబ్రవరి వచ్చేసరికి అపార్టుమెంట్ల చెత్తకుండీల పక్కన ఎండిన అరకేరియాలు కనబడటం కూడా మామూలే.

ఈ చెట్టు మీద ఒక వాదన గుంటూరులోని లూథరన్ కుటుంబంలో జరిగింది. వదినగారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఒక అరకేరియాను ఏళ్ళ తరబడి కుండీలోనే పెంచుతున్నారు. మరిదికి ఎలక్ట్రికల్ షాపు ఉంది. డిసెంబరులో సీరియల్ లైట్లు, కాగితపు నక్షత్రాలు, ప్లాస్టిక్ చెట్లు అమ్ముతాడు. నాది వదిన పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అలాగని మరిది మాటలు తేలిగ్గా తీసిపారేసేవి కావు.

మరిది: ఒక్క డిసెంబరుకి పనికొచ్చే దానికి పన్నెండు నెలల చాకిరీ ఏమిటండీ వదినా? మా షాపులో ఆరడుగుల చెట్టుంది. పెట్టెలోంచి తీసి కొమ్మలు విప్పితే అరగంట పని. జనవరిలో మడిచి అటకెక్కిస్తే మళ్ళీ ఏడాది దాకా నీళ్ళడగదు.

వదిన: నీళ్ళడగదు. పెరగదు కూడా. నా చెట్టు క్రిస్మస్‌కి పనికొస్తుందని పెంచుతున్నాననుకుంటున్నావు నువ్వు. చెట్టు పెంచుకుంటున్నాను. క్రిస్మస్‌కి దాన్ని పది రోజులు హాల్లోకి పిలుస్తాను, అంతే.

మరిది: పిలవడానికి అది చుట్టమా? సరే, నాకు తెలిసిన లెక్క చెప్తాను. నా ప్లాస్టిక్ చెట్టు ఖరీదు ఒక్కసారే. మీ చెట్టుకి కుండీలు, ఎరువు, షేడ్ నెట్, ఊరెళ్తే నీళ్ళు పోయడానికి పక్కింటివాళ్ళని బతిమాలుకోవడం.

వదిన: నీ చెట్టు ఖరీదు బిల్లు మీద ఉన్నంతే కాదు. అది పి.వి.సి.తో చేసింది. బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ లెక్కకట్టింది. రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు తయారీ వెనక సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడుకి సమానమైన ఉద్గారాలుంటాయి. అదే ఎత్తున్న కోసిన చెట్టుని పండగయ్యాక కాల్చేస్తే మూడున్నర కిలోలు. చెత్తదిబ్బలో కుళ్ళనిస్తే 16.

మరిది: మరి ఒకే ప్లాస్టిక్ చెట్టుని పదిహేనేళ్ళు వాడితే?

వదిన: అప్పుడు లెక్క నీవైపే మొగ్గుతుంది. కాదనను. నీ షాపులో కొన్నవాళ్ళు అన్నాళ్ళు వాడుతున్నారా?

మరిది: ఎక్కడండీ! రెండేళ్ళకి తెల్ల చెట్టు కావాలంటారు, ఆ మరుసటేడు మంచు చల్లినట్టున్నది ఉందా అంటారు. వాళ్ళలా అడగబట్టే నా వ్యాపారం నడుస్తోంది. అయినా నేను ప్లాస్టిక్ కోసం కొట్లాడటం లేదు. మా చిన్నప్పుడు నాన్నగారు బాపట్ల వైపు నుంచి సరుగుడు కొమ్మ తెచ్చేవారు, గుర్తుందా? బస్సు టాపు మీద కట్టించి మరీ. ఇసుక నింపిన బకెట్లో పాతి, దూదిపింజలు అతికించి, రంగుకాగితాలు కత్తిరించి వేలాడదీసేవాళ్ళం. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అదీ మన క్రిస్మస్ చెట్టు.

వదిన: సరుగుడు మీద నాకూ గౌరవమే. వట్టి ఇసుకలో కూడా బతుకుతుంది. దాని వేళ్ళ బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలో నత్రజనిని పట్టి చెట్టుకి అందిస్తుంది. మనం సూదులనుకునేవి ఆకులు కావు, సన్నటి పచ్చటి రెమ్మలు. అసలు ఆకులు వాటి కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి, భూతద్దం పెడితే గానీ కనబడవు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ముందు ఆ కొమ్మే చేతికిచ్చేదాన్ని.

మరిది: పాఠం సంగతి తర్వాత. సరుగుడు పంట వదినా. నాలుగైదేళ్ళకి కోతకొస్తుంది. బాదులు పందిళ్ళకి పోతాయి, కర్ర పేపరు మిల్లుకి పోతుంది. చివర మిగిలిన కొమ్మ మనింట్లో పండగ చేస్తుంది, ఆ తర్వాత పొయ్యిలోకి పోతుంది. అందులో పాపం ఏముంది? కోయడానికే పెంచిన దాన్ని కోశాం. మీరు మాత్రం కొండంత ఎదగాల్సిన చెట్టుని కుండీలో కుదించి పెట్టి ప్రేమ అంటున్నారు.

(మరిది మాటల్లో ఇది అన్నిటికన్నా పదునైనది. వదినగారు వెంటనే జవాబు చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.)

వదిన: దాని పుట్టుక చెప్తాను విను. ఆస్ట్రేలియాకి తూర్పున నడిసముద్రంలో నార్ఫోక్ అనే చిన్న దీవి ఉంది. 1774 అక్టోబరులో కెప్టెన్ కుక్ దాన్ని చూశాడు. అక్కడి చెట్లు నిలువునా సాగి ఉండటం చూసి ఓడలకి తెరస్తంభాలు దొరికాయని సంబరపడ్డాడు. 1788లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ వలస పెట్టడానికి ఆ ఆశ కూడా ఒక కారణం. తీరా కోసి చూస్తే ఆ కర్ర తెరస్తంభానికి నిలవలేదు. ఆ చెట్టే నార్ఫోక్ అరకేరియా, ఇప్పుడు ఆ దీవి జెండా మీద ఉన్నది. సొంత నేలలో యాభై మీటర్లు దాటుతుంది. పైన్ అంటారు గానీ పైన్ కుటుంబం వేరు. దీనిది అరకేరియా కుటుంబం, రాక్షసబల్లుల కాలం నాటిది.

మరిది: యాభై మీటర్లా! మీ బాల్కనీ మూడు మీటర్లు.

వదిన: తొందరపడకు. దీనికి అన్నలాంటిది ఇంకోటుంది, కుక్ అరకేరియా. అది న్యూ కాలెడోనియా నుంచి వచ్చింది. మన నర్సరీల్లో ఆ రకం బాగా నడుస్తుంది. లేతప్పుడు రెంటినీ విడదీసి చెప్పడం నాలాంటివాళ్ళకీ కష్టమే. ఆ కుక్ రకానికి ఒక వింత గుణం ఉంది. ఏ దేశంలో నాటినా భూమధ్యరేఖ వైపు ఒరుగుతుంది. అయిదు ఖండాల్లో 250కి పైగా చెట్లను కొలిచి 2017లో ఆ సంగతి ప్రచురించారు. ఒరుగు సగటున ఎనిమిది డిగ్రీల పైమాటే.

మరిది: అంటే మనూళ్ళో దక్షిణానికి వంగుతుందన్నమాట. మీ కుండీలోది కూడా వంగే ఉంది. అందుకేనా?

వదిన: అది వేరు. నేను ఊరెళ్ళినప్పుడు మీ అన్నయ్య కుండీ తిప్పలేదు, అందుకని. కిటికీ ఒకవైపే ఉంటే కొమ్మలన్నీ ఆ వెలుతురు వైపే సాగుతాయి. వారానికోసారి కుండీని పావువంతు తిప్పాలి. ఈ చెట్టుకి చేసే సేవలో సగం అదే.

మరిది: మిగతా సగం?

వదిన: నీళ్ళు. రోజూ చెంబెడు పోయడం కాదు. వేలు మట్టిలో గుచ్చితే మొదటి కణుపు దాకా పొడిగా తగలాలి. అప్పుడు కింద చిల్లులోంచి కారేదాకా పోయాలి. పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయాలి. వేళ్ళు నీళ్ళలో నానితే కుళ్ళి చెట్టు పసుపెక్కుతుంది. అలాగని పూర్తిగా ఎండబెడితే అడుగు కొమ్మలు గోధుమరంగుకి తిరిగి రాలిపోతాయి. రాలిన కొమ్మ చోట మళ్ళీ కొమ్మ రాదు. మామిడినో మల్లెనో చూసి అలవాటైన వాళ్ళు ఇక్కడే మోసపోతారు. ‘ఎండితే ఏముంది, మళ్ళీ చిగురిస్తుందిలే’ అనుకుంటారు. ఇది చిగురించదు. అశ్రద్ధ చేసిన ఏడాది దాని ఒంటి మీద కలకాలం కనబడుతుంది.

మరిది: కత్తిరించి గుబురు చేయొచ్చుగా?

వదిన: దీని మీద కత్తెర పెట్టకూడదు. ఎండిన కొమ్మని మొదలంటా తీసేయడం వరకే. అన్నిటికన్నా ముఖ్యం మొవ్వు. మొవ్వు విరిగితే పక్క కొమ్మ పైకి లేచి దాని స్థానం తీసుకోదు. కాండం మీద ఎక్కడైనా కొత్త మొలక రావచ్చు, పాత ఆకారం మాత్రం రాదు. మన చర్చి ఆడవాళ్ళు నన్ను అడుగుతుంటారు: ‘టీచరుగారూ, ఒక కొమ్మ ఇవ్వండి, పాతుకుంటాం’ అని. పక్క కొమ్మని పాతితే వేరు పోసుకోవచ్చు. కానీ అది పైకి పోదు. ఏళ్ళు గడిచినా నేలబారుగా పక్కకే సాగుతుంది. తాను పక్క కొమ్మనన్న సంగతి అది మరిచిపోదు. చెట్టుగా లేవాలంటే గింజైనా వేయాలి, మొవ్వైనా కోసి పాతాలి. మొవ్వు కోస్తే తల్లి చెట్టు పాడవుతుంది.

మరిది: మరి మా చిన్నాడు పోయినేడు తగరపు నక్షత్రం తెచ్చి మొవ్వు మీదే గుచ్చాడుగా!

వదిన: నేను తీయించాను. వెదురు పుల్ల ఒకటి కాండం వెనక మట్టిలో గుచ్చి, దాని కొసకి నక్షత్రం కట్టాను. దూరం నుంచి చూసేవాళ్ళకి చెట్టు మీద ఉన్నట్టే ఉంటుంది. ఈ కొమ్మలు గాజుబంతుల బరువు మోయలేవు. కాగితం, దూది, రిబ్బను, ఎల్‌ఈడీ తీగ, అంతవరకే. నీ పాత రకం బల్బులు మాత్రం వద్దు, వేడికి సూదులు మాడతాయి. ఆ తళుకుపొడి, నురుగుమంచు స్ప్రేలు కూడా. ఆకు ఊపిరి మూసుకుపోతుంది.

మరిది: ఒక మాట ఒప్పుకోండి వదినా. మన గుంటూరు మే నెల ఈ దీవి చెట్టుకి నరకం.

వదిన: ఒప్పుకున్నాను. విశాఖలో, కాకినాడలో దీనికి హాయి. సముద్రపు గాలి, ఉప్పు తుంపర దీనికి పుట్టింటి సంగతులే. గుంటూరులో నలభై నాలుగు డిగ్రీల వడగాలికి సూదుల కొసలు మాడతాయి. తూర్పు బాల్కనీలో పొద్దుటి ఎండ చాలు. మధ్యాహ్నం షేడ్ నెట్ కప్పాలి. ఇంట్లోకి తెచ్చి ఏసీ గదిలో పెడదామనుకుంటారు కొందరు. ఆ పొడిగాలి ఇంకా చేటు. నాలుగు కుండీలు దగ్గర దగ్గరగా పెడితే వాటి మధ్య కాస్త తేమ నిలుస్తుంది. మన బోరు నీళ్ళతో మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. పైమట్టి గీకేసి కొత్తది వేస్తాను. వానాకాలంలో డాబా మీద వాననీళ్ళు పడతాను. పిండినల్లి పడితే వేపనూనె. ఎరువు వానలు మొదలయ్యాక కాస్త వానపాముల ఎరువు, అంతే. కుండీ రెండు మూడేళ్ళకోసారి మార్చడం, అదీ ఒక సైజు పెద్దది. వేళ్ళు కదిలిస్తే దీనికి కోపం.

మరిది: ఇంత పని అంటున్నారు. నేనొక సంగతి చెప్దామని వచ్చాను. ఈ ఏడు కడియం నుంచి వంద అరకేరియాలు తెప్పించి షాపు ముందు పెడదామనుకుంటున్నాను. మీ చెట్టు చూసి అడుగుతున్నారు జనం. మీకు సంతోషమే కదా?

వదిన: వద్దు.

మరిది: అదేంటి! ఇందాకటి నుంచి ప్లాస్టిక్ మానమన్నారు.

వదిన: వందలో ఎన్ని వచ్చే క్రిస్మస్ చూస్తాయి? కొన్నవాళ్ళు హాల్లో టీవీ పక్కన పెడతారు, వెలుతురుండదు. నెలన్నర బల్బులు చుట్టి ఉంచుతారు. జనవరిలో గుర్తొచ్చి ఎకాయెకి ఎండలో పెడతారు, ఆకు మాడిపోతుంది. ‘ఈ మొక్క మంచిది కాదు’ అని పారేస్తారు. అంతకన్నా నీ సరుగుడు కొమ్మ వెయ్యి రెట్లు నయం. దానికెవరూ బతుకు మాటివ్వలేదు.

మరిది: ఇదెక్కడి న్యాయం? మీరు పెంచొచ్చు, ఇంకెవరూ పెంచకూడదా? బయటి దేశాల్లోనూ ఈ కుండీ చెట్ల పద్ధతి వస్తోందిట. మా పెద్దాడు లండన్‌లో కుండీ చెట్టు అద్దెకి తెచ్చుకున్నాడు. పండగయ్యాక వాళ్ళే వచ్చి తోటకి తీసుకుపోయారు.

వదిన: ఆ అద్దె పద్ధతి నాకు నచ్చింది. చెట్టు తెలిసినవాళ్ళ చేతిలోనే ఉంటుంది. అక్కడ ఇచ్చేవి స్ప్రూసులూ ఫిర్‌లూ. వాటికి చలికాలపు నిద్ర కావాలి. వెచ్చటి గదిలో ఎక్కువ రోజులుంటే వసంతం వచ్చిందనుకుని మొగ్గ విప్పుతాయి, మళ్ళీ మంచులో పెడితే ఆ మొగ్గ చచ్చిపోతుంది. అందుకని పది పన్నెండు రోజులకి మించి లోపల ఉంచొద్దంటారు. మన అరకేరియాకి నిద్ర లేదు, మంచంటే పడదు. మన ఊళ్ళకి పనికొచ్చేది అందుకే. అయినా లోపల ఉంచే రోజులు నేను పెంచను. ఇరవయ్యో తేదీ దాటాక లోపలికి, జనవరి 6న జ్ఞానుల పండగ నాటికి బయటికి.

మరిది: బైబిల్లో చెట్టే లేదు, ఈ తంటా అంతా దేనికని మా బావగారు యిర్మీయా పదో అధ్యాయం తీసి చూపిస్తారు.

వదిన: ఆయన్ని ఆ అధ్యాయం మొత్తం చదవమను. అది విగ్రహాల సంగతి. ఈ ఆచారం జర్మనీవాళ్ళది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో పడ్డాక అందరికీ పాకింది. ఉండాలని ఎవరూ శాసించలేదు. ఉంటే ఎలా ఉండాలన్నదే మన తగువు.

మరిది: సరే, నా ఇందాకటి ప్రశ్నకి జవాబు దాటేశారు. యాభై మీటర్ల చెట్టుకి కుండీ శిక్ష కాదా?

వదిన: ఎప్పటికీ కుండీలోనే ఉంచితే శిక్షే. కుండీలో ఉన్నంతకాలం నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాదికి జానెడో మూరెడో. మొవ్వు పైకప్పుకి తగిలే రోజు వస్తుంది. ఆ రోజు ఎక్కడికి పంపుతావో తెలియకుండా మొక్క కొనకూడదు. నాది బాపట్ల దగ్గర మన చర్చి ఖాళీ స్థలానికి వెళ్తుంది. పాస్టరుగారితో మాట్లాడాను. గోడకీ కరెంటు తీగలకీ దూరంగా, తొలకరి పడ్డాక నాటాలి. వేళ్ళు కుండీ అడుగున చుట్లు తిరిగి ఉంటే విడదీసి మరీ నాటాలి, లేకపోతే తుపానుకి నిలవదు. ఫ్లోరిడాలో క్రిస్మస్ అయ్యాక పెరళ్ళలో నాటేసిన ఇవే చెట్లు ఇళ్ళకన్నా ఎత్తు పెరిగాయి. ఇప్పుడు తుపాను వస్తే ఎటు విరుగుతాయోనని అక్కడివాళ్ళకి భయం. నర్సరీవాళ్ళు ఒత్తుగా కనబడాలని ఒక్క కుండీలో మూడు నాలుగు మొలకలు పెడతారు చూడు, అదింకో చిక్కు. పెద్దయ్యాక ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బాగుపడదు.

మరిది: అయితే వందా వద్దు. ఇరవై తెస్తాను. ఒంటి మొలకవి, రంగు కొట్టనివి. మీరే వచ్చి ఏరిపెట్టాలి.

వదిన: వస్తాను. కొనేవాళ్ళని రెండు ప్రశ్నలడుగు. ఇంట్లో పొద్దుటెండ ఏ వైపు పడుతుంది? పైకప్పు తగిలాక చెట్టుని ఎక్కడ నాటుతారు? రెంటికీ జవాబున్నవాళ్ళకే అమ్ము. లేనివాళ్ళకి సరుగుడు కొమ్మ ఇవ్వు.

మరిది: సగం మంది చేతులూపుకుంటూ వెళ్ళిపోతారు వదినా.

వదిన: పోనీ. సరుగుడు కొమ్మలు మాత్రం బండెడు తెప్పించు. ఈ ఏడు వాటికే గిరాకీ ఉంటుంది.